కుడి పురి తీగ

మార్చి 4

బావకి,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన షెడ్డు గోడకి ఏళ్ళ తరబడి వేలాడుతూ సేవలందించిన అద్దం నిన్న పొద్దున్న మేకు ఊడి, కిందపడి, కన్నుమూసింది. ప్రాణనష్టం లేదు. టింకరింగు మేస్త్రి మాత్రం ఇక ఎందులో చూసుకుని తల దువ్వుకోవాలా అని దిగాలు పడిపోయాడు. ఆ తల మీద దువ్వడానికి ఏం మిగిలిందని ఎవరం అడగలేదు. చావింట్లో జోకులేస్తే బాగోదు కదా.

ఈ ముక్క రాయడానికా వీడు కాగితం తీశాడని తిట్టుకుంటున్నావని తెలుసు. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. కాగితమైతే చింపే ముందు నాలుగు ముక్కలు చదువుతావు. నాలుగు చదివావంటే చివరిదాకా చదువుతావు, ఎందుకంటే నట్టు సగం బిగించి లేచిపోయే రకం కాదు నువ్వు. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చేశావు. దొరికిపోయావు.

అసలు సంగతి. ఎర్ర కారు వచ్చింది.

అదే, పళ్ళ డాక్టరుగారి రెండు సీట్ల కారు. తాడు కట్టి లాక్కొచ్చారు. మడత టాపు గుడ్డపీలికలైపోయింది. సీటులో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపేసినట్టున్నాయి. డాక్టరుగారి జుట్టు మొత్తం తెల్లబడింది. క్లినిక్కు మూసేశారట. "ఇంకెవరి నోట్లోనూ వేలు పెట్టను, ఇంక నా కారు నేను నడుపుకుంటాను, మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా కొత్తదిలా చెయ్యండి" అన్నారు. పళ్ళ డాక్టరు కారుకే పళ్ళ జబ్బు అని అప్పట్లో నేనంటే నువ్వొక్కడివే నవ్వేవాడివి. ఇప్పుడు ఆ జోకు ఎవరి మీద వెయ్యాలో తెలీక నోట్లోనే ఉంచుకున్నాను.

అన్నయ్య మొహం చూడాల్సింది బావా. ఇంజనాయిలు తాగినవాడిలా అయిపోయాడు.

ఆ గేరుబాక్సు నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఎవరూ విప్పలేదు. ఆ రోజు గేర్లు ఏడుస్తున్నాయని కారు వెనక్కొచ్చినప్పుడు "విప్పి చూడండి, నేను పెట్టిన గేర్లు కావేమో చూడండి" అని నువ్వు మొత్తుకుంటుంటే, అన్నయ్య డాక్టరుగారి ముందే "మా బావ మంచి గేర్లు పీకి అమ్మేసుకుని చెత్తవి బిగించాడు" అనేశాడు. డాక్టరుగారు ఆ ఏడుస్తున్న కారునే నడుపుకుంటూ పోయి ఇంట్లో పడేశారు. నువ్వు మా అక్కని తీసుకుని బస్సెక్కావు. మూత మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. విప్పే పని నాకు పడింది. గేరుపెట్టెల పని నాకు రాదని నీకు తెలుసు. నేను ఇంజను మనిషిని. బళ్ళో ఎక్కాల దగ్గర ఆగిపోయినవాణ్ణి పళ్ళు లెక్కపెట్టమంటున్నారు.

ఏం చెయ్యమంటావు?

నీ పనికిమాలిన బావమరిది

మార్చి 11

బావమరిదికి,

ఉత్తరం అందింది. అద్దం సంగతి మీ అక్కకి చదివి వినిపించాను. నవ్వింది. మిగతాది వినిపించలేదు.

ఆ కారు గురించి నాకు రాయద్దు. నేను ఆ కారుని, ఆ షెడ్డుని, ఆ షెడ్డు యజమానిని మర్చిపోయాను. నువ్వు మాత్రం నాకు గుర్తున్నావు, అది నా ఖర్మ.

ఇక్కడ బస్సుల డిపోలో నాకు బ్రేకుల పని ఇచ్చారు. చేరిన రోజు నుంచీ అదే పని. గేరుబాక్సు ముట్టుకోనివ్వరు. పక్క బెంచీలో నిన్నగాక మొన్న చేరినవాడు గేరుబాక్సు విప్పి ఏ ముక్క ఎక్కడిదో తెలీక నెత్తి గోక్కుంటుంటాడు. నేను ఇవతల కూర్చుని బ్రేకులకి లైనింగు అతికిస్తుంటాను. ఎందుకు ముట్టుకోనివ్వరో నీకు చెప్పక్కర్లేదు. మీ అన్నయ్య అన్న మాట నాకంటే ముందు బస్సెక్కి ఇక్కడికొచ్చి దిగింది. ఎవరూ మొహం మీద అనరు. సామాన్ల గదికి తాళం వేసేటప్పుడు మాత్రం నా వైపు ఒకసారి చూస్తారు.

కాబట్టి రాయద్దు.

విప్పేటట్టయితే ఒక్కడివే విప్పకు. మీ అన్నయ్యని పక్కన నిలబెట్టి విప్పు. ఆ కంపెనీ వాళ్ళు ముందు చేసిన పెట్టె ఒక రకం, తరవాత చేసింది ఇంకో రకం. బయట నుంచి చూస్తే కవలపిల్లలు. షాఫ్టుల కొలత ఒకటే, బేరింగులు ఒకటే. పళ్ళ వాలు ఒక్కటే తేడా. తరవాత చేసిన గేర్లకి పళ్ళ పక్కన, భుజం మీద, చుట్టూ ఒక సన్న గీత కోసి ఉంటుంది. కంటికి ఆనకపోతే బొటనవేలి గోరు పెట్టి లాగు, తగులుతుంది. ముందు వాటికి గీత ఉండదు. డాక్టరుగారిది గీత ఉన్న రకం. పై షాఫ్టు గేరు, కింద కౌంటరు గేరు, రెండూ ఒక జత. గీత ఉన్నదాని కింద గీత లేనిది పెట్టినా ఎక్కుతుంది, తిరుగుతుంది. పళ్ళు నిండుగా ఆనుకోవు, మూలల్లో తగులుకుంటూ తిరుగుతాయి. కారు ఏడ్చేది అందుకే.

ఇంకోటి. గేర్లని కదిపే ఫోర్కుల బోల్టులు వదులవకుండా వాటి తలల్లోంచి సన్నతీగ దూర్చి పురి తిప్పి కట్టి ఉంటుంది. అది కత్తిరించకముందు పురి ఎటు తిరిగి ఉందో చూడు. నాది ఎడమచేతి వాటం. నేను కట్టిన తీగకి పురి ఎడమ వైపు తిరుగుతుంది. మీ షెడ్డులో అలా తిప్పేవాడు ఇంకొకడు లేడు.

ఆ రోజుల్లో అక్కడ రెండో పెట్టె కూడా ఉండేది, గుద్దేసిన కారులోంచి తీసింది. అది పాత రకం. నేను మీ అక్కని ఆసుపత్రిలో చేర్చి షెడ్డుకి రాని రోజుల్లో ఏం జరిగిందో నాకు తెలీదు. తెలీనిది నేను ఎవరి మీదా వెయ్యను. ఆ అలవాటు వేరేవాళ్ళది.

రాయద్దన్నాను కదా అని ఏం కనపడిందో చెప్పకుండా ఊరుకోకు.

బావ

మార్చి 20

బావకి,

రాయద్దంటూనే రెండు పేజీలు పాఠం చెప్పిన గురువుగారికి శిష్యుడు తలొంచి రాయునది.

విప్పాను. నువ్వు చెప్పినట్టే అన్నయ్యని పక్కన నిలబెట్టాను. ఏమని పిలిచానో అడుగు. "అన్నయ్యా, పెట్టెలో పాముంది" అన్నాను. కర్ర పట్టుకుని వచ్చాడు. కర్ర కింద పెట్టించడానికి కొంచెం సేపు పట్టింది.

మూత తీస్తే లోపల ఆయిలు నల్లటి జిగురు, ఉడికీ ఉడకని తారులా ఉంది. గుడ్డతో తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఫోర్కుల దగ్గరికి వచ్చాను. తీగ ఉంది. చూశాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. టార్చి వేసి చూశాను. నా చేత్తో కొత్త తీగ తీసుకుని ఒక ముక్క తిప్పి పక్కన పెట్టి చూశాను.

కుడి పురి బావా. మూడు ఫోర్కులకీ కుడి పురే.

నువ్వు కట్టింది కాదు. నువ్వు మూసిన తరవాత ఎవరో విప్పి, మళ్ళీ కట్టారు.

తరవాత షాఫ్టులు బయటికి లాగాను. పై గేరు మీద గోరు పెట్టి లాగితే టిక్కున తగిలింది. కౌంటరు గేరు మీద లాగితే నున్నగా జారిపోయింది, చంటిపిల్లాడి బుగ్గలా. గీత లేదు. దాని పళ్ళన్నీ ఒక్క మూలలోనే అరిగి మెరుస్తున్నాయి, మిగతా పన్నంతా తయారైన నాటి రంగులోనే ఉంది. మూడో గేరు పక్కన ఉండే ఇత్తడి రింగు కూడా పాత పెట్టెదే. పాపం ఒకరింటి కోడల్ని ఇంకొకరింట్లో దించేసి సర్దుకుపొమ్మన్నారు.

టింకరింగు మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరుగారు రెండో గేరు జారుతోందని కారు తెచ్చారట. అన్నయ్యే విప్పాడట. పాత పెట్టె సామాను, దీని సామాను ఒకే ట్రేలో వేసి కిరసనాయిలుతో కడిగాడట. రెండు పెట్టెలు ఒక ట్రేలో కడిగినవాడి చెయ్యి విరగ్గొట్టాలని నువ్వు అనేవాడివి, గుర్తుందా?

ఇంక అన్నయ్య సంగతి. మేస్త్రి ఈ మాట అన్నాక అన్నయ్య బల్ల మీదికి వంగాడు. కౌంటరు గేరు చేతిలోకి తీసుకున్నాడు. గోరుతో లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. నేను చూడకూడదని అటు తిరిగాను గానీ, కళ్ళు తడిశాయి బావా. లేచి కుళాయి దగ్గరికెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

ఆ గేరు, ఆ తీగ నా బల్ల మీద ఒక పాత గుడ్డలో చుట్టి పెట్టాను. అక్కకి చెప్పు. వినిపించకపోతే నేనే ఆవిడకి వేరే ఉత్తరం రాస్తాను, అందులో నీ గురించి బోలెడు అబద్ధాలు ఉంటాయి.

నీ శిష్యుడు, పాములవాడు

మార్చి 29

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చాక డిపోకి ఒకరోజు సెలవు పెట్టాను. జ్వరమని చెప్పాను. మీ అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జ్వరం లేదు కదా" అంది. ఉత్తరం చేతికిచ్చాను. చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడగాల్సిన గిన్నెలు ఏమీ లేవు.

తీగ సంగతి నమ్ముతాను. గీత సంగతి నమ్ముతాను. ఆ రెండూ కల్పించేంత పని నీకు రాదు.

మీ అన్నయ్య కన్నీళ్ళ దగ్గరే నాకు అనుమానం. ఆయన కారు చక్రం మూతలో గోలీకాయ వేసి, ఆ చప్పుడు ఎక్కడిదో వెతుక్కుంటూ ఆయన కారంతా విప్పుతుంటే పక్కనే నిలబడి పానాలు అందించినవాడివి నువ్వు. నేను పోయానని మీ పిన్నికి కబురు పంపి, ఆవిడ ఏడుస్తూ వస్తే నా చేతే తలుపు తీయించినవాడివి. నీ మాట పట్టుకుని ఎలా నడవమంటావు?

ఆయన నోటితో ఏమన్నాడు? తడిసిన కళ్ళు నాకేం పనికిరావు. కిరసనాయిలు ఘాటుకి కూడా తడుస్తాయి. నాకు ఆస్తులు అక్కర్లేదు, పలకరింపులు అక్కర్లేదు. "ఆ పని చేసింది నేను, నువ్వు కాదు" అని ఒక్క మాట. డాక్టరుగారు వినేటట్టు అంటే ఇంకా మంచిది. లేకపోతే నాతో అన్నా చాలు. ఆ మాట ఉంటే నేను డిపోలో తలెత్తి పెట్టె ముందు కూర్చోగలను. అది లేకపోతే బ్రేకుల దగ్గరే నా బతుకు తెల్లారిపోతుంది.

ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. జోకులు వద్దు. ఈ ఒక్కసారికి.

ఆయనకి ఒంట్లో బాగానే ఉందా? స్టూలు మీద కూలబడ్డాడంటున్నావు. మీ అక్క అడగమంది.

బావ

ఏప్రిల్ 6

బావకి,

జోకులు వద్దన్నావు. సరే. నోటికి తాళం, చేతికి బేడీ.

అన్నయ్య గుండ్రాయిలా ఉన్నాడు. అక్కని కంగారు పడొద్దని చెప్పు.

నోటితో ఏమన్నాడని అడిగావు. మొదట ఏమీ అనలేదు. ఆయన సంగతి నీకు కొత్తా? క్షమించమని అడగాల్సి వస్తే గొంతులో బోల్టు అడ్డం పడుతుంది. మర్నాడు టీ తాగుతూ తనే ఎత్తాడు. "అతను అక్కడ ఏం పని చేస్తున్నాడు?" అన్నాడు. బ్రేకులు అన్నాను. "ఆ చేతికి బ్రేకులా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టేశాడు. మళ్ళీ సాయంత్రం షెడ్డు తలుపులు వేస్తుంటే, "అంత చక్కటి చేతివాటం మళ్ళీ మన షెడ్డుకి రాలేదురా" అన్నాడు. "పెద్దవాణ్ణి, నేను ముందు ఎలా అడగను, తను వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడు చూద్దువు" అన్నాడు.

ఇంకేం కావాలి బావా? ఇంతకంటే ఆ మనిషి నోట్లోంచి పట్టకారు పెట్టి లాగినా రాదు, పళ్ళ డాక్టరుగారే లాగినా సరే. (ఇది జోకు కాదు, అలవాటు.)

నా మాట విని ఒకసారి రా. వచ్చి నిలబడు చాలు. నువ్వు పెద్దగా మాట్లాడద్దు, మాట్లాడితే నీ పొగరు బయటపడుతుంది. ఆయనతో నేను ఇక్కడ మెల్లగా మాట్లాడుతున్నాను, ఆ బోల్టు కొంచెం కొంచెం వదులు చేస్తున్నాను. కానీ నేనున్నప్పుడు రా. ముందే రాసి, తేదీ చెప్పి రా. నేను పక్కన ఉంటే ఇద్దరి మధ్య ఏదైనా గరగరలాడినా ఆయిలు పోస్తాను.

ఇక్కడ గీత ఉన్న కౌంటరు గేరు దొరకడం లేదు. పాత సామాన్ల వాళ్ళందర్నీ అడిగాను. ఒకతను పై ఊళ్ళో ఇలాంటి కార్లు పడుకోబెట్టిన దొడ్డి ఒకటి ఉందన్నాడు. వచ్చే వారం అక్కడికి వెళ్ళి వెతుకుతాను. గోరు పెంచుకుంటున్నాను, ఎన్ని గేర్లు గీకాలో ఏమో. టింకరింగు మేస్త్రి నా గోరు చూసి రంగు వేయించుకోమన్నాడు.

అక్కని అడిగానని చెప్పు. ఆవిడ గొంతు విని ఎంత కాలమైందో నువ్వే లెక్కపెట్టుకో.

నీ ఆయిలు డబ్బా

ఏప్రిల్ 19

బావమరిదికి,

నువ్వు ముందే రాయమన్నావు. రాయలేదు. రాస్తే నువ్వు తోరణాలు కట్టి, బ్యాండు పెట్టించి, నా పరువు తీస్తావని భయమేసింది. అదీగాక మీ అక్క, "మగవాళ్ళిద్దరూ మాట్లాడుకోవాల్సింది, మధ్యలో ఆ కోతి ఎందుకు?" అంది.

నిన్నగాక మొన్న వచ్చాను. నువ్వు గేరు కోసం వెళ్ళావన్నారు. మంచిదే అయింది.

షెడ్డు ఏం మారలేదు. నా బల్ల మీద ఎవరో బ్యాటరీలు పెట్టారు. అందరూ పని ఆపి చూస్తున్నారు. డాక్టరుగారు కూడా ఉన్నారు, సీట్ల తోలు రంగు చూసుకోడానికి వచ్చారట. మీ అన్నయ్య ఎదురొచ్చి నిలబడ్డాడు. ముసలివాడయ్యాడు. నాకు ఏదేదో అనాలని ఉండింది. నువ్వు రాసింది గుర్తొచ్చింది, ఆయనకి ముందు గొంతు పెగలదని. అందుకని నేనే అన్నాను, "జరిగిందేదో జరిగిపోయింది బావగారూ. నా మనసులో ఏం పెట్టుకోలేదు. ఇంక ఆ సంగతి ఎత్తుకోవద్దు" అని.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకూ ఏం లేదులే. ఇంతదూరం వచ్చావు, అదే చాలు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నీ మీద అనుమానపడ్డందుకు సిగ్గుపడ్డాను.

నోటితో ఆ ఒక్క మాటా అనలేదు. నేనూ అడగలేదు. గేరు చూపించమని కూడా అడగలేదు. అంతమంది ముందు ఆయన్ని ఇంకా వంచడం ఎందుకు? డాక్టరుగారు కూడా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "వచ్చారు, చాలా సంతోషం" అన్నారు. ఆయనకి విషయం తెలిసినట్టే ఉంది.

టీ తెప్పించారు. మీ అన్నయ్య, "వచ్చెయ్యి. మొదట్లో కొన్నాళ్ళు నా కళ్ళముందే పని చేద్దువుగాని, తరవాత చూద్దాం" అన్నాడు. ఇన్నేళ్ళూ కళ్ళముందు లేననేగా ఆయన బాధ. నేను తలూపాను.

ఇంటికొచ్చి చెబితే మీ అక్క మళ్ళీ గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఈసారి వెంటనే తిరిగొచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తామని యజమానికి అప్పుడే చెప్పేసింది, నన్ను అడగనైనా అడగలేదు. డిపోలో ఈ నెలాఖరుకి చెబుతాను. సామాన్ల గది తాళం వేసేవాడికి స్వయంగా వెళ్ళి చెప్పాలని ఉంది.

నిన్ను ఎన్నో తిట్టాను. కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు.

గేరు దొరికిందా? గీత చూసుకున్నావా?

బావ

ఏప్రిల్ 24

బావా,

డిపోలో ఇంకా చెప్పకపోతే చెప్పకు. ఇది ముందు చదువు. అక్కని ఇంటి యజమానితో మళ్ళీ మాట్లాడమను.

ఫోను చేద్దామనుకున్నాను. నీ గొంతు వింటే మళ్ళీ ఏదో వాగి తప్పించుకుంటానని రాస్తున్నాను.

గేరు దొరికింది. గీత ఉంది. నేను ఊరి నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం నా కోసం ఉంది. అది చదవకముందే షెడ్డులో నాకు వేరే కథ వినపడింది. టింకరింగు మేస్త్రి ఎదురొచ్చి, "మీ బావ వచ్చి ఒప్పేసుకున్నాడుగా" అన్నాడు. ఏం ఒప్పుకున్నాడురా అంటే, "అదే, గేర్ల సంగతి. అందరి ముందూ 'జరిగిందేదో జరిగిపోయింది, ఇంక ఎత్తద్దు' అని బతిమాలుకున్నాడు. మీ అన్నయ్య పెద్దమనసు చేసుకుని పనిలోకి రమ్మన్నాడు" అన్నాడు. "నా కళ్ళముందే పని చేద్దువుగాని" అన్నది దానికే బావా. సామాను చేతికి ఇచ్చి వదిలెయ్యకూడదని.

డాక్టరుగారు నన్ను చూసి, "మీ బావ మీద నాకు కోపం లేదని చెప్పు. ఆ వయసులో వచ్చి తల వంచడం చిన్న విషయం కాదు" అన్నారు.

నేను అక్కడే అరిచాను. విప్పింది అన్నయ్య, కలిపేసింది అన్నయ్య, తీగ చూడండి, గేరు చూడండి అన్నాను. నా బల్ల దగ్గరికి వెళ్ళి చూస్తే గుడ్డ లేదు, గేరు లేదు, తీగ లేదు. నేను లేనప్పుడు బల్ల శుభ్రం చేయించి ఇనప సామాను వాడికి వేసేశారు. ట్రే సంగతి నువ్వే చెప్పావు కదా అని మేస్త్రిని అడిగాను. తల దించుకుని, "నాకేం గుర్తులేదు" అన్నాడు. అన్నయ్య నవ్వాడు. "వీడి మాట ఎప్పుడు నిజమైంది గనక?" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరుగారు కూడా నవ్వారు. ఇన్నేళ్ళూ వాళ్ళని నవ్వించింది నేనే. తప్పెవరిదని అడగను?

పెట్టె బిగించేశాను. చప్పుడు లేకుండా నడుస్తోంది. డాక్టరుగారు అన్నయ్యకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

ఇంక నేను రాసిన వాటిలో ఏది ఏమిటో చెబుతాను. గీత నిజం. కుడి పురి నిజం. ట్రే గురించి మేస్త్రి అప్పుడు చెప్పింది నిజం. అన్నయ్యని పాముందని పిలిచింది కూడా నిజం.

అన్నయ్య కళ్ళు తడవలేదు. గేరు చేతిలోకి తీసుకున్నాడు, గోరు పెట్టి చూశాడు, అంతవరకే. స్టూలు మీద కూలబడలేదు. నిలబడే, "ఆ తీగ అవతల పారేసి కొత్తది కట్టు. ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళాడు. మొహం కడుక్కున్నాడని నేను రాశాను.

టీ తాగుతూ నీ గురించి అడగలేదు. "ఆ చేతికి బ్రేకులా" అనలేదు. అది నేననుకున్న మాట, నీ ఉత్తరం చదివినప్పుడు. చేతివాటం గురించి అన్నది కూడా నేనే. ఆయన నోట్లో పెట్టాను. ఎదురుగా వచ్చి నిలబడితే చూద్దాం అనలేదు. అసలు నీ పేరెత్తలేదు. నేను ఒకసారి ఎత్తితే, "నాకు తెలుసురా. ఆ వారమే తెలుసు. అప్పుడు చెబితే షెడ్డుకి ఎవడొచ్చేవాడు? అతనికి పనిచేసే చేతులున్నాయి, ఎక్కడైనా బతుకుతాడు" అన్నాడు. ఇది ఆయన అన్నదే. దీన్ని నేను నీకు రాయలేదు.

ఇద్దరూ మొండివాళ్ళు, అవతలివాడు ముందు వంగాడని ఎవరికి వాళ్ళకి అనిపిస్తే ఇద్దరూ వంగుతారని అనుకున్నాను. అక్క వస్తుందనుకున్నాను. ఆయన బోల్టు వదులు చేస్తున్నానని నీకు రాశాను చూడు, ఎలా వదులు చేశానో అది కూడా చెప్పాలి. నువ్వు ఉత్తరం రాశావని, అందులో తప్పు నీదేనని ఒప్పుకున్నావని, వచ్చి తనని క్షమించమని అడగాలని నీకు ఉందని అన్నయ్యకి చెప్పాను. అందుకే నువ్వు నోరు తెరవగానే ఆయనకి అలా వినపడింది. ఆయన కళ్ళల్లో నువ్వు చూసిన నీళ్ళు నిజమైనవే, తన తప్పు నువ్వు నెత్తిన వేసుకున్నావని. ఆ ఉత్తరం మాత్రం లేదు. నేను కల్పించాను.